జీవపరిణామం నేర్చుకునే డిగ్రీ విద్యార్థికి: ముందు లెక్క, తర్వాత కథ

మన దగ్గర జీవపరిణామం పాఠం దాదాపు ఎప్పుడూ లామార్క్ జిరాఫీతోనే మొదలవుతుంది. ఆ తర్వాత డార్విన్ ఓడ ప్రయాణం, గాలాపగోస్ పిచ్చుకలు, ఇంగ్లండులో పొగగొట్టాల పక్కన నల్ల చిమ్మటలు, గుర్రం కాలి వేళ్లు వరసగా వస్తాయి. పది మార్కుల జవాబుకు ఇవి సరిపోతాయి. ఆ జవాబు రాసి బయటికి వచ్చిన విద్యార్థిని ఒక్క ప్రశ్న అడగండి: రెండు వందల జీవులున్న జనాభాలో ఒక జన్యువుకు రెండు రూపాలున్నాయి, దేనివల్లా లాభమూ లేదు, నష్టమూ లేదు, వంద తరాల తర్వాత ఏమవుతుంది? కొందరు ‘ఏమీ కాదు’ అంటారు. కొందరు ‘బహిర్గత (డామినెంట్) రూపం పెరిగిపోతుంది’ అంటారు. రెండూ తప్పే. నా దృష్టిలో దీనికి కారణం పాఠం వరస. కథలు ముందు వచ్చి లెక్క చివరి పేజీలకు పోయింది, చివరి పేజీలు సెమిస్టరు ముగిసేలోపు ఎవరికీ అందవు.

అందుకే ఇక్కడ వరస తిరగేస్తున్నాను. మీకు కావలసింది పదో తరగతి స్థాయి భిన్నాలు, సంభావ్యత, ఒక నోటుపుస్తకం, కాలిక్యులేటరు, గుప్పెడు శనగలు, ఇంటర్నెట్ ఉన్న ఫోను. ఇంటర్‌లో గణితం లేని వాళ్లు భయపడవద్దు. ఇందులో ఎక్కడా కలనగణితం లేదు.

ముందుగా వాక్యాలు దిద్దుకోండి

‘దోమలు మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి.’ ‘ఎడారిలో బతకడం కోసం ఒంటెకు మూపురం వచ్చింది.’ ఇలాంటి వాక్యాలు పత్రికల్లో, నోట్సులో, ఉపన్యాసాల్లో ఎక్కడ కనిపించినా ఒక పదింటిని పోగుచేసి తిరగరాయండి. తిరగరాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ జీవుల మధ్య ముందునుంచే ఏ తేడా ఉంది? ఆ తేడా పిల్లలకు సంక్రమిస్తుందా? ఏ రకం ఎక్కువ సంతానాన్ని మిగిల్చింది?

దోమల వాక్యం ఇలా మారుతుంది: ‘మందు చల్లక ముందే కొన్ని దోమల్లో దాన్ని తట్టుకునే జన్యురూపం ఉంది, మందు చల్లాక మిగతావి చచ్చాయి, ఇవి గుడ్లు పెట్టాయి, తర్వాతి తరాల్లో ఆ రూపం వాటా పెరిగింది.’ ఇందులో ఏ ఒక్క దోమా మారలేదు, మారింది జనాభా. పొడుగు వాక్యమే, కానీ ఇందులో ‘కోసం’ లేదు. ‘కోసం’ వదిలించుకోవడానికి కనీసం వారం పడుతుంది. తొందరపడవద్దు.

చేత్తో చేయవలసిన మొదటి లెక్క

1908లో కేంబ్రిడ్జి గణిత శాస్త్రజ్ఞుడు హార్డీ, జర్మనీ వైద్యుడు వీన్‌బర్గ్ వేర్వేరుగా ఒకే సంగతి చూపించారు. బహిర్గత లక్షణమైతే అది తరతరానికీ పెరుగుతూ పోవాలి కదా అన్న సందేహం అప్పటి జీవశాస్త్రజ్ఞులకూ ఉండేది. మీకూ ఉంటే సిగ్గుపడనక్కరలేదు. హార్డీ జవాబు చిన్నది: సంయోగం యాదృచ్ఛికంగా జరిగి, వరణం (సెలెక్షన్), వలస, ఉత్పరివర్తన (మ్యుటేషన్) లేకుండా, జనాభా చాలా పెద్దదిగా ఉంటే అల్లీళ్ల, అంటే ఒకే జన్యువు వేర్వేరు రూపాల, వాటాలు తరం మారినా మారవు. ఒక అల్లీల్ వాటా పి, రెండోదాని వాటా క్యూ అయితే జన్యురూపాల వాటాలు పి², 2పిక్యూ, క్యూ².

సూత్రం బట్టీ పట్టడం రెండు నిమిషాల పని. దాన్ని వాడటం నేర్చుకోండి. నూరు మందిలో ఎంఎన్ రక్తవర్గం చూశారనుకుందాం: ఎంఎం 40, ఎంఎన్ 40, ఎన్ఎన్ 20. ఎం అల్లీల్ వాటా ఎంత? ఎంఎం వాళ్ల దగ్గర 80, ఎంఎన్ వాళ్ల దగ్గర 40, మొత్తం 200లో 120. అంటే 0.6. సమతాస్థితి ఉంటే 36, 48, 16 రావాలి. వచ్చినవి 40, 40, 20. ఈ తేడా కేవలం అదృష్టవశాత్తు వచ్చిందా?

కై-స్క్వేర్ వేయండి, అంటే ఒక్కో తేడా వర్గాన్ని రావలసిన సంఖ్యతో భాగించి కలపండి. 16ను 36తో, 64ను 48తో, 16ను 16తో భాగించి కలిపితే సుమారు 2.78. ఇక్కడ స్వాతంత్ర్య స్థాయి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) ఒకటే, ఎందుకంటే పి విలువను మనం ఈ దత్తాంశం నుంచే తీసుకున్నాం. అప్పుడు హద్దు 3.84, కేవలం అదృష్టవశాత్తు ఇరవైలో ఒక్కసారే దాటే విలువ. మనది దాన్ని దాటలేదు కాబట్టి తేడా లెక్కలోకి రాదు. ఇప్పుడు అదే నిష్పత్తిలో రెండు వందల మందిని తీసుకోండి: 80, 80, 40. విలువ రెట్టింపై 5.56 అవుతుంది, హద్దు దాటుతుంది. నిష్పత్తి మారకుండానే తీర్పు మారింది. నమూనా ఎంత పెద్దదన్నది ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సంఖ్యలు మార్చి మార్చి ఇలాంటివి ఓ పదిహేను చేశాకే ముందుకు కదలండి.

శనగలతో తరాలు నడపండి

పై లెక్కలో ‘జనాభా చాలా పెద్దది’ అన్న షరతు ఉంది. దాన్ని తీసేస్తే ఏమవుతుందో కళ్లతో చూడాలి. చిన్న జనాభాలో వాటాలు కేవలం అదృష్టవశాత్తు అటూ ఇటూ మారడాన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు, విద్యార్థులు అందరికంటే తక్కువ నమ్మేది దీన్నే.

పది శనగలు తీసుకుని అయిదింటికి స్కెచ్ పెన్నుతో రంగు వేయండి. గిన్నెలో వేసి, చూడకుండా ఒకటి తీసి, రంగు రాసుకుని, మళ్లీ గిన్నెలోనే వేయండి. ఇలా పదిసార్లు. ఏడుసార్లు రంగుది వచ్చిందనుకోండి, తర్వాతి తరం గిన్నెలో ఏడు రంగువి, మూడు మామూలువి ఉండాలి. మళ్లీ పదిసార్లు తీయండి. గిన్నెలో ఒకే రకం మిగిలేదాకా సాగించండి. (రంగు వేసే బదులు కందులూ బొబ్బర్లూ కలుపుదామని అనిపిస్తుంది. వద్దు. పరిమాణం తేడా ఉంటే వేళ్లు పెద్దవాటినే పట్టుకుంటాయి. మీరు వద్దనుకున్న వరణం గిన్నెలోకి దూరుతుంది.)

ఏ శనగకూ ఏ లాభమూ లేదు. అయినా ఒక రకం మాయమైంది. స్నేహితుల చేత కూడా చేయించండి. సగం గిన్నెల్లో రంగువి, సగం గిన్నెల్లో మామూలువి గెలుస్తున్నట్టు కనిపిస్తుంది. మూడు రంగువి, ఏడు మామూలువాటితో మొదలుపెడితే రంగువి గెలిచే అవకాశం నూటికి ముప్ఫై, అంటే మొదట ఉన్న వాటా ఎంతో అంత. నలభై శనగలతో చేస్తే చాలా ఆలస్యమవుతుంది, ఓపిక నశిస్తుంది. ఆ ఓపిక నశించడమే ఇక్కడ పాఠం. రెండు ప్రతులుండే జీవుల్లో జనాభా ఎన్ అయితే వైవిధ్యం తరానికి సగటున 1/2ఎన్ వంతు తరుగుతుంది. పది శనగలంటే అయిదు జీవులు, తరానికి పదో వంతు.

ప్రయోగశాలలో ఇదే పని పీటర్ బూరి డ్రోసోఫిలా ఈగలతో చేసి 1956లో ప్రచురించాడు. 107 సీసాలు, ప్రతి తరంలో సీసాకు 16 ఈగలు, 19 తరాలు. చివరికి సగానికి పైగా సీసాల్లో కంటి రంగు అల్లీళ్లలో ఏదో ఒకటే మిగిలింది. శనగలాట ఆడిన తర్వాత ఆ పటం చూస్తే ఒక్క వాక్యం వివరణ కూడా అక్కర్లేదు.

మన ఊళ్లో ఉన్న రెండు వేర్వేరు సంగతులు

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ అంశంలో మన సమాజమే పెద్ద పాఠ్యపుస్తకం. మేనరికానికీ, కులంలోపలి పెళ్లికీ జన్యుపరంగా ఒకే ఫలితం ఉంటుందని చాలామంది కలిపేస్తారు. రెండింటి లెక్కలు వేరు.

మేనరికం సంగతి ముందు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే వాళ్ల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతి నుంచి వచ్చే సంభావ్యత 1/16. వంశవృక్షం గీసి దారులు లెక్కపెట్టండి: తాత మీదుగా ఒక దారి, అమ్మమ్మ మీదుగా ఒకటి, ఒక్కో దారిలో అయిదుగురు, సగాన్ని అయిదుసార్లు గుణిస్తే 1/32, రెండు దారులకు 1/16. మేనమామ, మేనకోడలి పెళ్లిలో దారికి నలుగురే, కాబట్టి 1/8. ఈ సంభావ్యతనే ఎఫ్ అంటారు. అంతర్గత (రిసెసివ్) వ్యాధి, అంటే రెండు ప్రతులూ లోపమున్నవైతేనే వచ్చే వ్యాధి ఉన్న బిడ్డ పుట్టే సంభావ్యత క్యూ²కు ఎఫ్, పి, క్యూల లబ్ధం కలిపితే వస్తుంది. క్యూ 0.01 అయితే మామూలుగా పదివేలకు ఒకరు. మేనరికంలో పదివేలకు ఏడుగురు. క్యూ 0.1 అయితే వెయ్యికి 10 నుంచి 16కు మాత్రమే పెరుగుతుంది. వ్యాధి ఎంత అరుదైనదైతే మేనరికం ప్రభావం అంత ఎక్కువ రెట్లు కనిపిస్తుంది. పిఠాపురానికి చెందిన జన్యు శాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఈ పెళ్లిళ్ల మీద అధ్యయనం చేశారు.

రెండోది వేరే దారి. ఒక సముదాయం కొద్దిమందితో మొదలై, శతాబ్దాలుగా తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే, ఇప్పుడు లక్షల్లో ఉన్నా దాని జన్యువుల్లో ఆ చిన్న గిన్నె గుర్తు మిగిలిపోతుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలిస్తే 81 సముదాయాల్లో ఈ స్థాపక ప్రభావం ఫిన్లాండు వాళ్లలో, అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా ఉందని తేలింది. తెలుగునాట తెలిసిన ఉదాహరణ వైశ్యుల్లో కనిపించే బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం. ఆ లోపం ఉన్నవాళ్లకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వాడితే నిమిషాల్లో తగ్గవలసిన కండరాల స్తంభన గంటల తరబడి ఉంటుంది. మత్తు వైద్యులు ముందే అడిగి తెలుసుకునేది అందుకే. ఇది ఏ సముదాయానికీ మచ్చ కాదు. శనగల గిన్నెలో ఏ రంగు గెలిచిందన్న దానిలాంటిదే, ప్రతి చిన్న గిన్నెలోనూ ఏదో ఒకటి గెలుస్తుంది. దగ్గరి బంధువుల పెళ్లి మానేసినంత మాత్రాన స్థాపక ప్రభావం పోదు, ఈ తేడా మీ నోట్సులో గీత గీసి రాసుకోండి.

ఇప్పుడు ప్రకృతి వరణం

వరణాన్ని ఇంత ఆలస్యంగా తెచ్చానని ఆశ్చర్యపోవద్దు. యాదృచ్ఛికంగా ఏమవుతుందో తెలిసినవాడికే వరణం ఎక్కడ ఉందో కనిపిస్తుంది.

ఉదాహరణకు సికిల్ సెల్ తీసుకోండి. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో ఇది పుస్తకంలోని వ్యాధి కాదు, ఇంట్లో ఉన్న వ్యాధి. ఎస్ అల్లీల్ రెండు ప్రతులుంటే తీవ్ర రక్తహీనత. ఒక ప్రతి ఉంటే ఫాల్సిపేరం మలేరియా తీవ్రరూపం నుంచి రక్షణ. మలేరియా వల్ల రక్తకణ లోపాలు జనాభాలో నిలిచిపోతున్నాయన్న ఆలోచనను థలసీమియా విషయంలో 1949లో బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ చెప్పాడు, సికిల్ సెల్‌కు సాక్ష్యాన్ని ఆంథొనీ అలిసన్ 1954లో ఆఫ్రికా నుంచి చూపించాడు. ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ముందే రాసిపెట్టాడు, అలాగే ఇచ్చారు.

లెక్క ఇది. మలేరియా వల్ల సాధారణ జన్యురూపానికి నష్టం 0.1 అనీ, రెండు ఎస్ ప్రతులున్న వాళ్లకు సంతానమే ఉండదనీ అనుకుందాం, అంటే నష్టం 1. ఎస్ అల్లీల్ నిలిచే వాటా మొదటి నష్టాన్ని రెండు నష్టాల మొత్తంతో భాగిస్తే వస్తుంది: 0.1ని 1.1తో భాగిస్తే 0.09. ప్రాణాంతకమైన అల్లీల్ నూటికి తొమ్మిది వంతులు నిలకడగా ఉండగలదు.

మలేరియా పోతే? నష్టం మోసేది రెండు ప్రతులున్నవాళ్లే కాబట్టి అల్లీల్ తగ్గుతుంది, కానీ నత్తనడకన. టి తరాల తర్వాతి వాటా కోసం తొలి వాటాను ‘ఒకటి, దానికి టి రెట్ల తొలి వాటా కలిపిన’ మొత్తంతో భాగించండి. 0.1 నుంచి 0.05కు రావడానికి 10 తరాలు, అక్కడినుంచి 0.025కు మరో 20 తరాలు. మనుషుల్లో తరానికి పాతికేళ్లు వేసుకుంటే మొత్తం 750 సంవత్సరాలు. ‘జబ్బున్నవాళ్లకు పిల్లలు లేకుండా చేస్తే జబ్బు పోతుంది’ అని ఎవరైనా వాదిస్తే ఈ కాగితం చూపించండి. నైతికంగా ఆ మాట ఎంత హీనమో, లెక్కలోనూ అంత చెత్త.

రెండో ఉదాహరణ గాలాపగోస్ నుంచే, కానీ డార్విన్ కథ కాదు. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పిచ్చుకల ముక్కులు కొలుస్తూ వచ్చారు. 1977లో కరువు వచ్చి చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనవి మన పల్లేరు ప్రజాతికే చెందిన గట్టి ముళ్లకాయలు. వాటిని పగలగొట్టగల మందపాటి ముక్కు పక్షులే ఎక్కువగా బతికాయి, వాటి పిల్లల ముక్కులూ మందంగానే ఉన్నాయి. 1983లో ఎల్‌నినో వానలకు చిన్న గింజలు విరగపండాయి, గాలి ఎదురు తిరిగింది, చిన్న ముక్కులవి లాభపడ్డాయి. ‘పరిణామం అంటే పురోగతి’ అన్న అపోహకు ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. ఇక్కడ నేర్చుకోవలసిన సూత్రం ఒక్కటే: తర్వాతి తరంలో వచ్చే మార్పు, తల్లిదండ్రులుగా మిగిలినవాటి సగటుకీ మొత్తం సగటుకీ ఉన్న తేడాను వంశపారంపర్యతతో (ఆ తేడాలో ఎంత వంతు పిల్లలకు సంక్రమిస్తుందన్న దానితో) గుణిస్తే వస్తుంది. వంశపారంపర్యత సున్నా అయితే ఎంత మంది చచ్చినా పరిణామం లేదు.

బ్యాక్టీరియాలోనూ చూడాలనుకుంటే రిచర్డ్ లెన్‌స్కీ 1988లో మొదలుపెట్టిన ఈ.కోలై ప్రయోగం చదవండి. 12 సీసాలు, రోజూ నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేయడం. నూరు రెట్లు పెరగాలంటే ఎన్నిసార్లు రెట్టింపు కావాలో మీరే లెక్కకట్టండి. రోజుకు ఆరున్నర తరాలకు కాస్త ఎక్కువ వస్తుంది. పన్నెండింటిలో ఒక్క సీసాలోనే, సుమారు 31,500 తరాల దగ్గర, ఆక్సిజన్ ఉండగా సిట్రేటును తినగల బ్యాక్టీరియా పుట్టింది.

చెట్టు చదవడం

వంశవృక్షాల మీద రెండు సాయంత్రాలు పెట్టండి, అంతకంటే అక్కర్లేదు. చెట్టులో కొమ్మల చివర్లు ఏ వరసలో ఉన్నాయన్నదానికి అర్థం లేదు. ఏ రెండు కొమ్మలు ఎక్కడ కలుస్తున్నాయన్నదే ముఖ్యం. పరీక్ష పెట్టుకోండి: సొరచేప, బొచ్చె చేప, కప్ప, మనిషి. బొచ్చెకు దగ్గరి బంధువు ఎవరు? సొర అనిపిస్తుంది. కానీ బొచ్చె, కప్ప, మనిషి ముగ్గురికీ ఉమ్మడి పూర్వీకుడు సొర కొమ్మ విడిపోయాక వచ్చినవాడు. బొచ్చెకు సొర కంటే మీరే దగ్గర. అలాగే మొసలికి బల్లి కంటే పావురం దగ్గర. ‘కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకు ఉన్నాయి’ అన్న ప్రశ్నకు కూడా జవాబు ఈ గీతల్లోనే ఉంది. మీ పెదనాన్న పిల్లలు బతికుండగా మీరెలా పుట్టారని ఎవరూ అడగరు.

అక్షరాలు పోల్చండి

జన్యు, ప్రొటీన్ సమాచారం భద్రపరిచే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా ప్రొటీన్ వరసలు తీసుకోవచ్చు. కణాల శ్వాసక్రియలో పనిచేసే ప్రొటీన్ సైటోక్రోమ్ సి తీసుకోండి, మనిషిలో 104 అమైనో ఆమ్లాలు. మనిషికీ చింపాంజీకీ తేడా సున్నా, రీసస్ కోతితో ఒకటి. గుర్రం, కోడి, చేప, ఈస్టుల సంఖ్యలు నేను చెప్పను, మీరే లెక్కపెట్టి, ఆ సంఖ్యలతో చెట్టు గీసి, పాఠ్యపుస్తకంలోని చెట్టుతో పోల్చండి.

ఇక్కడ మోటో కిమురా 1968లో ప్రతిపాదించిన తటస్థ సిద్ధాంతం కూడా అర్థమవుతుంది, శనగలాట ఆడారు కాబట్టి. ప్రతి తరంలో జనాభా మొత్తంలో పుట్టే కొత్త తటస్థ ఉత్పరివర్తనలు 2ఎన్ రెట్ల ఉత్పరివర్తన రేటు. ఒక్కోటీ చివరికి గెలిచే అవకాశం 1/2ఎన్. రెండింటినీ గుణిస్తే ఎన్ కొట్టేసుకుపోతుంది, ఉత్పరివర్తన రేటు ఒక్కటే మిగులుతుంది. జనాభా పెద్దదైనా చిన్నదైనా తటస్థ మార్పులు పేరుకునే వేగం ఒకటే. అణు గడియారం (మాలిక్యులర్ క్లాక్), అంటే పేరుకున్న మార్పులను బట్టి కాలం లెక్కకట్టడం, అనే భావనకు పునాది ఈ రెండు పంక్తుల గుణకారమే. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

రాళ్ల దగ్గరికి ఒకసారి

హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరులో కోటాసారస్ అనే డైనోసారు అస్థిపంజరం ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. జురాసిక్ యుగపు తొలి సారోపాడ్లలో (పొడుగు మెడ శాకాహార డైనోసార్లలో) ఒకటి. ఫొటో దిగి వచ్చేయకండి. తొడ ఎముక, వెన్నుపూసలు చూసి బొమ్మ గీసి, తర్వాతి కాలపు భారీ సారోపాడ్ల బొమ్మలతో ఇంటికొచ్చాక పోల్చండి. ఆ ఎముకలు దొరికిన కోటా శిలల పొరల్లోనే తొలి క్షీరదాల పళ్లు కూడా దొరికాయి, ఒకదాని పేరు కోటాథీరియం హాల్డేనీ. డైనోసార్లు పోయాకే క్షీరదాలు పుట్టాయని అనుకునేవాళ్లకు ఆ పళ్లు చాలు.

పుస్తకం, పరిశోధనాపత్రం, పరీక్ష

పాఠ్యపుస్తకం ఎంచుకునేటప్పుడు బొమ్మలు చూడవద్దు, అధ్యాయం చివరి లెక్కలు చూడండి. లెక్కలు లేని పుస్తకాన్ని పక్కన పెట్టండి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిణామం మీద నడిపే ఉచిత వెబ్‌సైటు, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సులు మొదటి ఏడాదికి సరిపోతాయి.

ఆ తర్వాత ఒక్క అసలు పరిశోధనాపత్రం చదవండి. అలిసన్ 1954 పత్రం మంచి ఎంపిక, చిన్నది. ముందు పట్టికలు చూసి, అవి ఏం చెబుతున్నాయో తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. ఆ తర్వాతే రచయిత మాటలు చదివి మీ వాక్యాలు దిద్దుకోండి. అర్థం కాని చోట గుర్తుపెట్టుకుని అధ్యాపకుల దగ్గరికి వెళ్లండి. ‘సార్, పరిణామం అర్థం కాలేదు’ అంటే ఏ అధ్యాపకుడూ ఏమీ చేయలేరు. ‘మేడమ్, ఈ పట్టికలో మలేరియా ఉన్న పిల్లల సంఖ్యను దేనితో పోల్చారు?’ అంటే కుర్చీ చూపించి కూర్చోమంటారు.

పరీక్షకు లామార్క్ జిరాఫీ ఎలాగూ రాయాలి. చివరి వారంలో ఒక పూట చదివితే వచ్చేస్తుంది.